బ్రాడీపేట కౌంటర్ ముందు నిలబడే ముందు: అసెంబుల్డ్ పీసీ కథ

ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, మధ్యలో వదిలేయొద్దు.

ప్రతి ఏడాదీ మిరపకోతలు అయిపోయి ఇంట్లో నాలుగు డబ్బులు కనపడే టైముకి మనకి ఒకటే మెసేజ్ వస్తది. "అన్నా, నలభై వేలున్నాయి. గేమింగ్ పీసీ వస్తదా? ఏ పార్ట్స్ తీసుకోమంటారు?" ఈసారి అడిగింది మాచర్ల వైపు తండా నుంచి వచ్చి బ్రాడీపేటలో రూమ్ తీసుకుని చదువుకుంటున్న తమ్ముడు. ఆ నలభైలో సగం వాళ్లమ్మ కోతలకి పోయి తెచ్చిన కూలి. మిగతాది వాడు సెలవుల్లో చేసిన పనుల డబ్బు. వాళ్లమ్మకి కంప్యూటర్ అంటే చదువు. వీడికి చదువూ, వాలరెంట్ ఆటా రెండూ. అందులో తప్పేం లేదు, మేమూ అట్టాగే మొదలుపెట్టాం. కానీ ఆ డబ్బు రెండోసారి రాదు. అందుకే ఒక లిస్ట్ రాసి పడేయకుండా, అసలు ఈ పార్ట్స్ విడివిడిగా మన దాకా ఎట్టా వచ్చాయో చెబుదామనుకున్నాం. లిస్ట్ మూడు నెలల్లో పాతబడుద్ది. చరిత్ర తెలిస్తే షాపోడు ఏం చెప్తున్నాడో ఎప్పుడైనా అర్థమవుద్ది.

ముందు ఒక మాట. టీవీని విడి భాగాలు కొని ఇంట్లో బిగించుకోం. ఫోన్‌నీ బిగించుకోం. కంప్యూటర్‌నే ఎందుకు బిగించుకోగలుగుతున్నాం? దీనికి కారణం ఒక కంపెనీ తొందరపాటు. 1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ని బయటికి తెచ్చింది. మార్కెట్‌లోకి త్వరగా దిగాలని అన్నీ సొంతంగా చేసుకోకుండా ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ దగ్గర, మిగతావి బజార్లో దొరికేవి తీసుకుని కలిపేసింది. పైగా లోపలి సర్క్యూట్ల వివరాలన్నీ పుస్తకంగా అచ్చేసి అమ్మింది. ఐబీఎం చేతిలో గట్టిగా మిగిలింది బయాస్ ఒక్కటే. బయాస్ అంటే మెషీన్ ఆన్ చెయ్యగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రాం. దాన్ని కాపీ కొడితే కోర్టుకి లాగుతారు. కాంపాక్ అనే కొత్త కంపెనీ కాపీ కొట్టకుండా, అదే పని చేసే బయాస్‌ని తనే మొదట్నుంచీ రాసుకుని 1983లో మెషీన్లు అమ్మింది. 1984 నుంచి ఫీనిక్స్ అనే కంపెనీ అలాంటి బయాస్‌ని ఎవరికి కావాలంటే వాళ్లకి అమ్మడం మొదలుపెట్టింది. అంతే, తాళం పగిలింది. తైవాన్‌లో మదర్‌బోర్డులు చేసే కంపెనీలు పుట్టుకొచ్చాయి. గిగాబైట్, ఎంఎస్ఐ 1986లో, అసుస్ 1989లో. ఇవాళ బ్రాడీపేట షాపుల్లో అద్దాల వెనక కనపడే డబ్బాల మీద ఉండే పేర్లు ఇవే కదా.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత పెట్టింది. మదర్‌బోర్డుకి స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, కరెంటు ప్లగ్గు ఎట్టా ఉండాలి, వెనక సాకెట్లు ఏ పక్కకి ఉండాలి అని. అందుకే ఏ కంపెనీ బోర్డు అయినా ఏ కంపెనీ క్యాబినెట్‌లోనైనా కూర్చుంటది. ముప్పై ఏళ్లు దాటినా ఆ రంధ్రాలు అక్కడే ఉన్నాయి. ఈ కొలతని పాటించని మెషీన్లూ ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాం. ఎందుకంటే మనోళ్లు ఎక్కువగా పడేది అక్కడే.

ఇక మన దేశం సంగతి. తెలుగు నేల మీద కంప్యూటర్ అంటే ముందు గుర్తురావాల్సింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 1967లో పెట్టారు. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ని తయారుచేసి బార్క్‌కి ఇచ్చారు. అప్పట్లో కంప్యూటర్ అంటే గది నిండా బీరువాలు, ఆటల మాటే లేదు. ఫెరా చట్టం కింద వాటా తగ్గించుకోవడం ఇష్టం లేక 1978లో ఐబీఎం దేశం వదిలిపోయింది. ఆ తర్వాత లైసెన్సుల కాలం. ఇంత మంది తయారు చెయ్యాలి, ఇంతకు మించి దిగుమతి చెయ్యకూడదు అని. 1984 నవంబర్లో, రాజీవ్ గాంధీ ప్రధాని అయిన కొద్ది రోజులకే, కొత్త కంప్యూటర్ విధానం వచ్చింది. దిగుమతి సుంకాలు తగ్గాయి, తయారీకి తలుపులు తెరుచుకున్నాయి. అయినా 90ల దాకా కంప్యూటర్ అనేది బ్యాంకుదో, ఆఫీసుదో. ఇంట్లోది కాదు.

ఇంట్లోకి తెచ్చింది "అసెంబుల్డ్" అనే మాట. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబైలో లామింగ్టన్ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్, మనకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటే చాలు. గుంటూరులో షాపులోళ్లు అడ్వాన్స్ తీసుకుని రాత్రి బస్సెక్కి సీటీసీకో, రిచీ స్ట్రీట్‌కో పోయి పార్ట్స్ సంచిలో వేసుకుని వచ్చేవాళ్లని మా సీనియర్లు చెప్తారు. బ్రాడీపేటలో కోచింగులు, పుస్తకాల షాపులు, హాస్టళ్లు పెరిగే కొద్దీ వాటి పక్కనే ఇవీ పెరిగాయి. కుర్రాళ్లు ఎక్కడుంటే అక్కడ కంప్యూటర్ అమ్ముడుపోద్ది మరి. ఇక్కడ అడ్రసు కూడా కంప్యూటర్ కోడ్ లాగే ఉంటది. లైను నంబరు, గీత, అడ్డరోడ్డు నంబరు. కొత్తగా ఊరి నుంచి వచ్చినోడికి ఆ రెండు నంబర్ల మధ్య తిరగడానికే ఒక పూట పడుద్ది.

అప్పట్లో బ్రాండెడ్ మెషీన్‌కీ అసెంబుల్డ్ మెషీన్‌కీ ధరలో చాలా తేడా ఉండేది. దాంట్లో కొంత నిజంగా ఆదా, కొంత బిల్లు లేని సరుకు. తర్వాత డబ్ల్యూటీఓ కింద సమాచార సాంకేతిక ఒప్పందంలో మన దేశం 1997లో చేరింది. 2005 నాటికి కంప్యూటర్ భాగాల మీద దిగుమతి సుంకం సున్నాకి వచ్చింది. దాంతో బిల్లుతో కొన్నా, బిల్లు లేకుండా కొన్నా తేడా బాగా తగ్గింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది, ఇప్పుడు పార్ట్స్ మీద 18 శాతం. "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అనేవాడు ఇప్పటికీ ఉన్నాడు. వాడు మిగిల్చేది ఆ 18 శాతం, మీరు వదులుకునేది మూడేళ్ల వారంటీ. లెక్క మీరే చేసుకోండి.

ఇప్పుడు గేమింగ్. తక్కువ డబ్బుతో ఆడేవాళ్ల చరిత్రలో 1998 పెద్ద సంవత్సరం. ఆ ఏప్రిల్లో ఇంటెల్ సెలరాన్ అని చౌక ప్రాసెసర్ తెచ్చింది. క్యాష్ మెమరీ పూర్తిగా తీసేసి అమ్మితే జనం తిట్టారు. ఆగస్టులో సెలరాన్ 300ఎ వచ్చింది. ఈసారి 128 కేబీ క్యాష్‌ని చిప్ లోపలే పెట్టారు, చిన్నదే గానీ ప్రాసెసర్ వేగంతోనే నడుస్తది. మదర్‌బోర్డులో బస్ వేగాన్ని 66 నుంచి 100కి మారిస్తే ఈ 300 మెగాహెర్ట్జ్ చిప్ చాలా సార్లు 450కి పరిగెత్తేది. ధర 149 డాలర్లు. అదే రోజుల్లో వచ్చిన పెంటియమ్ టూ 450 ధర 669 డాలర్లు. ఆటల్లో రెండూ ఇంచుమించు ఒకటే. పైమెట్టు వస్తువు మీద పెట్టే డబ్బులో ఎక్కువ భాగం పేరుకి పోద్దని కుర్రాళ్లకి మొదటిసారి లెక్కతో సహా తెలిసింది అప్పుడే. మా దృష్టిలో బడ్జెట్ పీసీ అనే ఆలోచన పుట్టింది అక్కడే.

గ్రాఫిక్స్ కార్డు కథ వేరే. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ కార్డు తెచ్చింది. అది త్రీడీ పని మాత్రమే చేసేది. మామూలు బొమ్మ కోసం ఇంకో కార్డు ఉండాలి, రెంటినీ వెనకనుంచి కేబుల్‌తో కలపాలి. రెండు కార్డుల ఖర్చు! మనోళ్లెవరూ దాని జోలికి పోలేదు. 1999లో ఎన్‌విడియా జీఫోర్స్ 256ని తెచ్చి దాన్ని జీపీయూ అని పిలిచింది. 2000లో జీఫోర్స్ టూ ఎంఎక్స్ అని తక్కువ ధర కార్డు వదిలింది. అదే ఏడాది డిసెంబర్లో త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తుల్ని ఎన్‌విడియానే కొనేసింది.

అయితే మన ఊళ్లలో ఆట అంటే ఈ కార్డులు కాదు, నెట్ సెంటర్. రోడ్ ర్యాష్, ఎన్ఎఫ్ఎస్, కౌంటర్ స్ట్రైక్, తర్వాత వైస్ సిటీ. గంటకి ఇంత అని ఇచ్చి ఆడేవాళ్లు. 2016లో జియో, 2018లో పబ్జీ మొబైల్ వచ్చాక ఆట ఫోన్‌లోకి పోయింది. 2020 సెప్టెంబర్లో పబ్జీని నిషేధించారు. అదే ఏడాది జూన్‌లో వాలరెంట్ వచ్చింది, పాత మెషీన్ మీదా నడిచేది. ఫోన్లో ఆడే తరం మళ్లీ పీసీ వైపు చూసింది. ఇప్పుడు మాకు మెసేజ్ పెట్టే తమ్ముళ్లంతా ఆ తరమే.

ఇక మా సొంత కథ. 2019లో మేము నలుగురం ఒక రూములో ఉండేవాళ్లం. డబ్బులు కలిపి ఒక మెషీన్ కట్టాం. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో ఏఎండీ రైజెన్ 3 2200జి అని 99 డాలర్ల చిప్ తెచ్చింది. నాలుగు కోర్లు, లోపలే వేగా 8 గ్రాఫిక్స్. విడిగా కార్డు లేకుండానే ఆటలాడొచ్చు. మాలాంటోళ్ల కోసమే చేసినట్టు ఉంది. ప్రాసెసర్ ఎంపిక కరెక్టే. తప్పు చేసింది రెండు చోట్ల.

ఒకటి, ర్యామ్. ఇలాంటి చిప్‌కి సొంత గ్రాఫిక్స్ మెమరీ ఉండదు, మన ర్యామ్‌నే వాడుకుంటది. అందుకని రెండు స్టిక్స్ జంటగా వెయ్యాలి, రెండు దారుల్లో డేటా పోయేట్టు. ఎనిమిది జీబీ కావాలంటే నాలుగు, నాలుగు. షాపాయన "ఒకే ఎనిమిది వెయ్, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు" అన్నాడు. సరేనన్నాం. ఆ "తర్వాత" పదకొండు నెలలకి వచ్చింది. రెండో స్టిక్ వేసిన రోజు అదే మెషీన్ అదే ఆటలో వేరే మెషీన్‌లా నడిచింది. పదకొండు నెలలు సగం కంప్యూటర్‌తో ఆడాం అన్నమాట.

రెండోది ఎస్ఎంపీఎస్, అదే పవర్ సప్లై. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చింది. మీద పెద్దక్షరాల్లో 450 వాట్స్ అని స్టిక్కర్. చేత్తో లేపితే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. మే నెల, మధ్యాహ్నం రెండు, కరెంటు పోయి వచ్చింది. టప్ మని ఒక శబ్దం, తర్వాత వాసన. ఎస్ఎంపీఎస్ పోతే పోయింది, మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. షాపుకి పట్టుకుపోతే "ఫ్రీ ఐటమ్‌కి వారంటీ ఉండదు" అన్నారు. మా రూమ్మేట్ ఒకడు ఆ రోజు అన్నం తినలేదు. వాడి వాటా డబ్బులు వాళ్ల నాన్న మేకని అమ్మి ఇచ్చినవి.

అందుకే గట్టిగా చెప్తున్నాం. ఎక్కడైనా తగ్గించుకోండి, ఎస్ఎంపీఎస్ దగ్గర తగ్గించొద్దు. 80 ప్లస్ అని ఒక గుర్తింపు ఉంది, 2004 నుంచి నడుస్తోంది. అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్రే గానీ భద్రతకి గ్యారంటీ కాదు. అయినా ఏ ముద్రా లేనిదాని కంటే అది ఉన్నది నయం. దాంతోపాటు ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నాడో చూడండి. అయిదేళ్లు ఇచ్చేవాడికి తన సరుకు మీద నమ్మకం ఉన్నట్టు. మన ఎండలు, మన కరెంటు కోతలు చూసుకుని కొనాలి. రెంటచింతల ఎండ సంగతి మీకు చెప్పాలా? ఇంకో సంగతి ఏ యూట్యూబ్ వీడియోలోనూ చెప్పరు. యార్డు వైపు ఉండేవాళ్ల మెషీన్లలో మిరప దుమ్ము, జిన్నింగ్ మిల్లుల పక్కనుండేవాళ్ల మెషీన్లలో దూది పీచు. ఫ్యాన్ దాన్ని లోపలికి లాగి ప్రాసెసర్ మీది హీట్‌సింక్‌కి దుప్పటి కప్పినట్టు కప్పుద్ది. గాజు ముఖం, రంగు లైట్ల క్యాబినెట్ కంటే ముందు జాలీ, దాని వెనక కడుక్కునే ఫిల్టర్ ఉన్నది మనకి మేలు. నెలకోసారి శుభ్రం చేసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, మిరప దుమ్ముతో ఆటలొద్దు.

ఇక ధరల చరిత్ర. ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి. 1999 సెప్టెంబర్ 21న తైవాన్‌లో భూకంపం వచ్చింది, ప్రపంచమంతా ర్యామ్ ధర ఎగిరింది. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చాయి, హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలు మునిగాయి, ధరలు రెండింతల దాకా పోయాయి. 2017-18లో ఒకసారి, 2020-21లో మళ్లీ ఒకసారి, క్రిప్టో మైనింగ్ చేసేవాళ్లు గ్రాఫిక్స్ కార్డులన్నీ ఊడ్చేశారు. ఇప్పుడు ఏఐ. 2025 చివర్లో డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. క్రూషియల్ పేరుతో మనలాంటోళ్లకి ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారం మానేస్తున్నామని డిసెంబర్లో ప్రకటించింది. పత్తి ధర మన చేతిలో లేనట్టే ఇదీ మన చేతిలో లేదు. కానీ పత్తి రైతుకి లేని వెసులుబాటు ఒకటి మనకుంది. పెరిగిన వస్తువుని ఈ ఏడాది తక్కువ తీసుకుని, వచ్చే ఏడాది వేసుకోవచ్చు. విడి భాగాల మెషీన్ గొప్పతనమంతా అదే.

అందువల్లే కొనేటప్పుడు మదర్‌బోర్డు సాకెట్ సంగతి అడగాలి. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ రైజెన్‌తో 2017లో జనంలోకి వచ్చింది. అయిదేళ్ల తర్వాత 2022లో కూడా దానికి కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. మేము ఆ పేలిపోయిన బోర్డు బదులు కొన్న బీ450 బోర్డులో బయాస్ అప్‌డేట్ చేసుకుని తర్వాత కొత్త చిప్ వేసుకున్నాం, బోర్డు మార్చలేదు. ఏఎం5 సాకెట్ 2022 సెప్టెంబర్లో వచ్చింది, దానికి డీడీఆర్5 ర్యామే వెయ్యాలి. ముందు ముందు ఎదగడానికి అదే మంచిది గానీ ఇవాళ్టి ధరల్లో నలభై వేలకి అది భారమే అని మా అభిప్రాయం.

చౌక మెషీన్లలో పేరు తెచ్చుకున్నవి ఇంకొన్ని ఉన్నాయి. 2017 జనవరిలో పెంటియమ్ జి4560, రెండు కోర్లే అయినా నాలుగు త్రెడ్లు. 2022 జనవరిలో ఐ3-12100ఎఫ్, నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లు. ఈ ఎఫ్ అక్షరం గుర్తుపెట్టుకోండి. ఇంటెల్ చిప్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం, విడిగా కార్డు లేకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. ఒక తమ్ముడు తక్కువకొస్తుందని ఎఫ్ చిప్ తెచ్చుకుని, కార్డుకి డబ్బుల్లేక రెండు నెలలు నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చున్నాడు. ఏఎండీలో జి అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉన్నట్టు.

ఇప్పుడు కౌంటర్ దగ్గర జరిగే మాయ. "నాలుగు జీబీ గ్రాఫిక్స్ కార్డు బాబూ, గేమింగే గేమింగ్." చాలాసార్లు అది 2014 నాటి జీటీ 730. మెమరీ నాలుగు జీబీ ఉన్నా, అది నెమ్మది రకం డీడీఆర్3. పెద్ద ట్యాంకుకి సన్న గొట్టం బిగించినట్టు. జీబీల సంఖ్య చూసి కార్డు కొనొద్దు. మా 2200జి లోపలి గ్రాఫిక్సే దానికంటే నయం. ఇంకా దారుణం నకిలీ కార్డులు. ఏదో పాత కార్డు లోపలి బయాస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని చూపిస్తారు. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం 2018 నుంచి ఇలాంటివాటిని పట్టుకుని ఫేక్ అని చూపిస్తోంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకే తీసుకుపోండి. సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లకి ఇది తప్పనిసరి.

సెకండ్ హ్యాండ్ అంటే మైనింగ్ కార్డులు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం పద్ధతి మార్చుకున్నాక మైనింగ్ చేసేవాళ్లు కార్డుల్ని బజార్లోకి కుమ్మరించారు. అవన్నీ పాడైనవి కాదు, అన్నీ మంచివీ కాదు. ఎదురుగా అరగంట ఆట ఆడించి, ఫ్యాన్ శబ్దం విని, బొమ్మలో చుక్కలు రాకపోతే తీసుకోండి. మాకు నచ్చిన పాత కార్డు ఆర్ఎక్స్ 6600. 2021 అక్టోబర్లో వచ్చింది, ఎనిమిది జీబీ, కరెంటు తక్కువ తాగుద్ది. దాని చిన్న తమ్ముడిలా కనిపించే ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి మాత్రం పోవద్దు. దానికి నాలుగే లేన్లు ఇచ్చారు, పాత బోర్డులో వేస్తే ఇంకా కుంటుద్ది.

ఆఫీసులు వదిలేసిన రీఫర్బిష్డ్ డెల్, హెచ్‌పీ, లెనోవో మెషీన్లు చాలా చౌకగా దొరుకుతాయి. చదువుకి, కోడింగ్‌కి బంగారం. కానీ పైన చెప్పిన ఏటీఎక్స్ కొలతని పాటించనివి ఇవే. చాలావాటిలో ఎస్ఎంపీఎస్ ప్లగ్గు వాళ్ల సొంతం, బజార్లోది పట్టదు. అందులో ఆటలాడాలంటే విడిగా కరెంటు వైరు అడగని కార్డే వెయ్యాలి. 2014లో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ లాంటిది, అది 60 వాట్లతోనే నడుస్తది. సన్న క్యాబినెట్ అయితే పొట్టి కార్డు కావాలి. ఇంకోటి, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. మరీ పాత ప్రాసెసర్‌ని విండోస్ 11 ఒప్పుకోదు. పైగా వాలరెంట్ లాంటి ఆటలు విండోస్ 11 మీద టీపీఎం ఆన్ చెయ్యమంటాయి. కొనేముందు ఇది అడగండి.

మాచర్ల తమ్ముడి విషయానికొద్దాం. మేమందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకరిద్దరు "ల్యాప్‌టాప్ కొనివ్వండి, ఊరికి తీసుకుపోతాడు" అన్నారు. అందులో న్యాయముంది, తండాలో కరెంటు పోతే బ్యాటరీ ఆదుకుంటది. కానీ ఆ డబ్బుకొచ్చే ల్యాప్‌టాప్‌లో మూడేళ్ల తర్వాత మార్చుకునేది పెద్దగా ఏం ఉండదు. వాడికేమో వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలనీ ఉంది. చివరికి ఇట్టా తేల్చాం. ప్రాసెసర్ రైజెన్ 5 5600జి, 2021ది, ఆరు కోర్లు, లోపలే గ్రాఫిక్స్. బీ550 బోర్డు, నాలుగు ర్యామ్ స్లాట్లున్నది. ర్యామ్ ఎనిమిది, ఎనిమిది, జంటగా. ధర మండిపోతోంది గానీ ఇక్కడ మా తప్పు వాడు చెయ్యకూడదు. అయిదు వందల జీబీ ఎన్‌విఎంఈ. పేరున్న 550 వాట్ల ఎస్ఎంపీఎస్. ఇప్పుడు దానికి అంత అవసరం లేదు, రేపు ఆర్ఎక్స్ 6600 వేస్తే కావాలి. క్యాబినెట్ జాలీది, లైట్లు లేకుండా. మానిటర్ మా దగ్గర పాతది ఒకటుంది, వాడుకోమన్నాం. కార్డు ఈ ఏడాది లేదు. వాడి మొహం కొంచెం వాడిపోయింది. వాలరెంట్‌కి కార్డు అక్కర్లేదని అందరం కలిసి రెండు సార్లు చెప్పాల్సొచ్చింది.

శనివారం పొద్దున పదింటికి శంకర్ విలాస్ దగ్గర కలుస్తున్నాం. వాడు, వాళ్లమ్మ, మాలో ముగ్గురం. మూడు షాపుల్లో కొటేషన్ రాయించుకుని, నాలుగోసారికి కొంటాం. ప్రతి డబ్బా మీద సీరియల్ నంబరు బిల్లులో రాయించాలి, బిల్లు వాళ్లమ్మ పేరు మీద. బిగించడం రూములోనే, ఎవరికైనా నేర్చుకోవాలనుంటే సాయంత్రం నాలుగింటికి వచ్చేయండి. చెల్లెళ్లు కూడా రండి, పోయినసారి ఒక్కరూ రాలేదు. స్క్రూడ్రైవర్ స్టార్ ముఖంది, అయస్కాంతం ఉన్నది ఎవరి దగ్గరైనా ఉంటే పట్టుకురండి, మాది పోయింది.